పాత కట్టడాల రిస్కు రిపోర్టులు: ఏ మాటకు ఏ అర్థం? అందరికీ ఒకే పట్టిక కుదురుతుందా?

పాతగోడ
ఒకే భవనం. నిజాం కాలపు రెండంతస్తుల కట్టడం, రాయి-సున్నం గోడలు, జాక్ ఆర్చి కప్పు, అంటే ఇనుప గర్డర్ల మధ్య చిన్న ఇటుక ఆర్చిలు కట్టినది. దాని మీద మూడు రిపోర్టులు వచ్చాయి. స్ట్రక్చరల్ రిపోర్టు "హై రిస్క్" అంటోంది, కారణం మెట్ల గదిలో 6 మి.మీ. పగులు. కన్సర్వేషన్ రిపోర్టు "రిస్కు మధ్యస్థం" అంటోంది, కారణం వాన గొట్టాలు పూడుకుపోయి గోడకు చెమ్మ పట్టడం. మూడోది ఒక్క ముక్కలో "శిథిలావస్థ" అని తేల్చేసింది.

ముగ్గురూ చూసింది ఒకటే భవనం. కానీ డబ్బు ముందు దేనికి పెట్టాలో ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని ఎవరూ చెప్పలేరు. రిస్కు అన్న మాటను తలా ఒక సంగతికి వాడారు. హైదరాబాద్ నగరంలో ఇలాంటి కట్టడాలన్నిటికీ ఒకే పట్టిక నింపాలంటే కనీసం ఏ మాటలు ఖాయం చేసుకోవాలి? ఏ స్కేలు వాడాలి? తెలుగులో ఫారం నింపే సర్వే టీములకు కూడా పనికిరావాలి.

గర్డర్_లెక్కలు
ముందు స్థితిని, రిస్కును విడదీయండి. సగం గొడవ అక్కడే తీరుతుంది.

6 మి.మీ. పగులు స్థితి. ఇవాళ కంటికి కనబడేది, స్కేలు పెట్టి కొలవగలిగేది. రిస్కు ఇంకా జరగని నష్టం గురించి. స్థితి రిపోర్టులో "హై రిస్క్" అన్న మాటే ఉండకూడదు.

స్థితికి యూరప్ ప్రమాణం ఈఎన్ 16096 (2012) సరిపోతుంది. అందులో మూడు వేర్వేరు అంకెలుంటాయి, మూడూ 0 నుంచి 3 వరకే. ఒకటి స్థితి: 0 అంటే లక్షణాలేమీ లేవు, 3 అంటే తీవ్రం. రెండోది తొందర: 0 అంటే ఎప్పుడైనా చూసుకోవచ్చు, 3 అంటే వెంటనే. మూడోది సిఫారసు: 0 అంటే ఏమీ చేయనక్కర్లేదు, 1 మెయింటెనెన్స్, 2 మధ్యస్థ మరమ్మతు లేదా ఇంకా పరిశోధన, 3 పెద్ద పని.

ఈ మూడూ ఒకదాన్నొకటి అనుసరించవు. ఎన్నో దశాబ్దాల కింద వచ్చి ఆగిపోయిన పెద్ద పగులుకు స్థితి 3 రావచ్చు, తొందర 0 కావచ్చు. జాక్ ఆర్చి కప్పులో దీనికి తలకిందులుగా జరుగుతుంది. గర్డర్ కింది ఫ్లాంజి (అడుగు పట్టీ) తుప్పుపడితే, ఆ తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆర్చి మొదలయ్యే ఇటుకను పక్కకు, కిందకు నెడుతుంది. బయటికి కనిపించేది సీలింగు మీద గర్డర్ పొడుగునా తిన్నగా సాగే సన్నని గీత, దాని వెంట ఎర్రటి మరక. చూసినవాళ్లు స్థితి 1 రాస్తారు. అది గోడ పక్కనున్న చివరి బే (రెండు ఆధారాల మధ్య భాగం) అయి, అక్కడ తోపును పట్టి ఉంచే ఇనుప కడ్డీ, అంటే టై రాడ్ లేకపోతే తొందర 3. ఆ ఆర్చి తోపును ఆపడానికి అవతల ఇంకో ఆర్చి లేదు.

మూసీగట్టు
గర్డర్ గారు చెప్పినదానికి రెండో సగం. రిస్కును మళ్లీ మూడు ముక్కలు చేయాలి: ఆపద, బలహీనత, ఎదురుపాటు. విపత్తు నిర్వహణ వాళ్లు ప్రపంచమంతా వాడే విభజన ఇదే.

ఆపద: బయట నుంచి వచ్చేది. వరద, నిప్పు, భూకంపం, ఈదురుగాలి.
ఎదురుపాటు: ఆ ఆపద దారిలో ఏముంది, ఎవరున్నారు, ఎన్ని గదులున్నాయి.
బలహీనత: అది తగిలితే కట్టడం ఎందుకు దెబ్బతింటుంది.

మూసీనే తీసుకోండి. 1908 సెప్టెంబరు 28 వరద ఆపద. 1578 నాటి పురానాపూల్ వంతెన దానికి పూర్తిగా ఎదురుపడింది, అయినా నిలిచింది, ఎదురుపాటు ఎక్కువ, బలహీనత తక్కువ. అదే గట్టు మీది మట్టి గోడల ఇళ్లకు రెండూ ఎక్కువే. ఎవరైనా "నది పక్కన ఉంది కాబట్టి హై రిస్క్" అని రాస్తే అది ఎదురుపాటు మాత్రమే, రిస్కు కాదు.

ఇంకో తప్పు కూడా తరచూ కనిపిస్తుంది. 1908 లెక్కను ఉన్నదున్నట్టు ఇవాళ్టికి వాడతారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాక ఆపదే మారిపోయింది. అలాగని సున్నా కూడా రాయకూడదు. 2025 సెప్టెంబరులో గేట్లెత్తితే బస్ స్టేషన్ ఎంజీబీఎస్‌లోకి నీళ్లొచ్చాయి.

సర్వే_తిరుగుడు
గివన్నీ మంచిగనే ఉన్నయి గని, గోడ కాడ నిలబడి ఫారం నింపేటోనికి గింత విభజన ఎక్కదు. "ఎదురుపాటు" కాలమ్ చూసి గేటు ఏ దిక్కుకు ఉందో రాస్తరు. సీదా ఏం చూసిన్రో రాయమనండి, మిగతా లెక్క ఆఫీసుల కూసున్నోళ్లు చేస్కుంటరు.

మూసీగట్టు
ఒప్పుకుంటా, ఫీల్డులో స్థితి మాత్రమే నింపాలి. కానీ ఆఫీసులో లెక్క చేయాలంటే ఫీల్డులో కొన్ని కొలతలు తీసుకుని ఉండాలి అన్నా. ఉదాహరణకు గడప రోడ్డు కంటే ఎంత ఎత్తులో ఉంది. మన పాత భవనాలు చాలావాటికి రోడ్డు పొర మీద పొర వేసుకుంటూ పోయి గడపే పల్లమైంది. ఆ ఒక్క అంకె లేకపోతే ఎదురుపాటు గాల్లో లెక్కే.

2020 జులైలో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం వార్డుల్లోకి నీళ్లొచ్చింది మూసీ పొంగి కాదు, వాన నీరు పోయే దారిలేక. రిపోర్టులో "వరద" అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఈ రెండూ కలిసిపోతాయి. నది వరదకూ నిలిచిన వాన నీటికీ వేర్వేరు వరసలు పెట్టండి. ఒకదానికి మందు గట్టు దగ్గర, ఇంకోదానికి తూము దగ్గర.

డంగుసున్నం
బలహీనత కాలమ్‌లో "ఎక్కువ", "తక్కువ" అని రాయడం నిషేధించాలి. ఏ కారణం వల్ల అన్నది రాస్తేనే ఒప్పుకోవాలి.

సున్నపు గోడ మీద సిమెంటు ప్లాస్టరు దీనికి మంచి ఉదాహరణ. రాయి-సున్నం గోడ కింద నుంచి తేమను పీల్చుకుంటుంది, సున్నపు పూత గుండా ఆరిపోతుంది. పైన సిమెంటు వేస్తే ఆ ఆరే దారి మూసుకుపోతుంది. తేమ సిమెంటు వేసిన మేర దాటి ఇంకా పైకి పాకుతుంది. నీటితో వచ్చిన ఉప్పు బయటికి రాలేక ప్లాస్టరు వెనక గడ్డకట్టి, స్ఫటికాలు పెరిగే ఒత్తిడికి సున్నపు దర్జులు (రాళ్ల మధ్య అతుకులు) పొడి అవుతాయి. బయట ప్లాస్టరు నున్నగా, రంగు కొత్తగా ఉంటుంది. స్థితి 0 అని రాసి వెళ్లిపోతారు. ఒకరోజు అరచేతి మందాన పెచ్చు ఊడిపడితే వెనక ఇసుకలా రాలే గోడ.

అందుకే ఫారంలో "పూత: సున్నం / సిమెంటు / సున్నం మీద సిమెంటు" అని తప్పకుండా ఉండాలి. గుర్తుపట్టడం కష్టం కాదు, ఒక మూల చిన్న ముక్క గోకి చూడండి. సిమెంటు బూడిద రంగులో, గోరు దిగకుండా ఉంటుంది. సున్నం తెల్లగానో, సుర్ఖీ (ఇటుక పొడి) కలిపితే గులాబీ ఛాయలోనో ఉంటుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి జరిగిన పనిలో పెద్ద భాగం తర్వాతి కాలంలో వేసిన సిమెంటును తీసేసి మళ్లీ సున్నం వేయడమే.

తేమమీటర్
డంగుసున్నం గారి మాటకు ఒక హెచ్చరిక. "చెమ్మ" అన్నది కూడా ఒకే మాట కాకూడదు. ఎక్కడ నుంచి వస్తోందో బట్టి మూడు: నేల నుంచి పాకేది, పైనుంచి దిగేది, పక్క నుంచి కొట్టేది. నేల నుంచి పాకితే మామూలుగా మీటరు, మీటరున్నర ఎత్తున అలల గీతలా ఆగుతుంది, ఆ గీత మీద ఉప్పు పూస్తుంది. పైనుంచి దిగితే పిట్టగోడ కిందో, వాన గొట్టం పక్కనో మరక వెడల్పై కిందికి పోనుపోనూ సన్నబడుతుంది.

తేమ చూపే సూదుల మీటరు అంకెలు ఫారంలో రాయించకండి. గోడలో ఉప్పు ఉంటే అది ఆరిన గోడను కూడా తడి గోడగా చూపిస్తుంది. నిజం కావాలంటే పూత దాటి లోపలికి నెమ్మదిగా డ్రిల్లు చేసి పొడి తీసి కార్బైడ్ మీటరులో చూడాలి. వేగంగా డ్రిల్లు చేస్తే వేడికి తేమ ఆవిరైపోయి అంకె తగ్గుతుంది.

మ్యూజియం_మెట్లు
స్కేలు అడిగారు కాబట్టి: అంతర్జాతీయ వారసత్వ సంరక్షణ సంస్థ ఇక్రోమ్, కెనడా కన్సర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2016లో ఇచ్చిన ఏబీసీ పద్ధతి చూడండి. ప్రతి రిస్కుకూ మూడు స్కోర్లు, ఒక్కోటి గరిష్ఠంగా 5, మూడూ కూడితే 15.

ఏ: ఎంత తరచుగా, లేదా ఎంత వేగంగా. ఏడాదికోసారి అయితే 5, పదేళ్లకు 4, వందేళ్లకు 3, వెయ్యేళ్లకు 2.
బీ: దెబ్బ తగిలిన భాగం తన విలువలో ఎంత పోగొట్టుకుంటుంది. మొత్తం పోతే 5, పదో వంతుకు 4, నూరో వంతుకు 3.
సీ: మొత్తం కట్టడం విలువలో ఎంత భాగానికి ఆ దెబ్బ తగులుతుంది. మొత్తానికి 5, పదో వంతుకు 4, నూరో వంతుకు 3.

ఒక్కో మెట్టుకు పది రెట్లు. అర మెట్టు, అంటే 4.5 లాంటిది, సుమారు మూడు రెట్లు.

చెక్క దూలాల కప్పున్న భవనానికి నిప్పు తీసుకోండి. వందేళ్లకోసారి అనుకుంటే ఏ 3, కాలిన భాగం పూర్తిగా పోతుంది కాబట్టి బీ 5, మొత్తం అంటుకుంటుంది కాబట్టి సీ 5. మొత్తం 13. అదే భవనంలో వాన గొట్టం పూడుకుపోయి ప్రతి ఏడూ ఒక మూల గది తడిస్తే ఏ 5, బీ 3, సీ 3. మొత్తం 11. పట్టిక ప్రకారం 11.5 నుంచి 13 అతి తీవ్రం, 9.5 నుంచి 11 ఎక్కువ, 7.5 నుంచి 9 మధ్యస్థం, 7, అంతకంటే కింద తక్కువ. 13.5, ఆపైన మహా విపత్తు.

పాతగోడ
అంటే 13కూ 11కూ తేడా రెండు కాదు, నూరు రెట్లు?

మ్యూజియం_మెట్లు
అవును. నిప్పు లెక్క సగటున ఏడాదికి కట్టడం విలువలో నూరో వంతు, గొట్టం లెక్క పదివేలో వంతు. ఇక్కడే అందరూ జారిపడతారు. ఈ స్కోర్లకు సగటు తీయకూడదు. "భవనం సగటు రిస్కు 9.2" అన్న వాక్యానికి అర్థమే లేదు. రెండో తప్పు 'ఏ' స్కోరు దగ్గర. "ఎప్పుడైనా జరగొచ్చు" అని భయంతో నిప్పుకు 5 వేస్తారు. 5 అంటే ఏటా ఒకసారి కాలిపోతుందని.

డంగుసున్నం
ఈ లెక్కతో నాకు పేచీ ఉంది మెట్లు గారూ. నిప్పు 13, గొట్టం 11 అనగానే డబ్బంతా స్ప్రింక్లర్లకు పోతుంది, గొట్టం అలాగే ఉంటుంది. గొట్టం శుభ్రం చేయడానికి ఇద్దరు మనుషులు, ఒక నిచ్చెన, అరపూట చాలు. పైగా ఆ తడే దూలం కొనను కుళ్లబెడుతుంది, చెదలను పిలుస్తుంది.

మ్యూజియం_మెట్లు
రిస్కు పరిమాణం వేరు, పనుల వరస వేరు. ఆ ఏబీసీ పుస్తకంలోనే మందు ఖర్చుకు ఎంత రిస్కు తగ్గుతుందో విడిగా లెక్క కట్టమంటారు. గొట్టం ఆ లెక్కలో మొదటికొస్తుంది. దూలం కొన కుళ్లడం విషయంలో మీరన్నది నిజమే, కానీ అది వేరే వరసగా రాయాలి. "తడి వల్ల పూత నష్టం" ఒక వరస, "తడి వల్ల దూలం కొన కుళ్లి కప్పు దిగడం" ఇంకో వరస. కారణం ఒకటే అయినా పర్యవసానం వేరైతే రిస్కు వేరు. రెండోదానికి 'ఏ' తగ్గుతుంది, 'బీ', 'సీ' బాగా పెరుగుతాయి.

ప్రతి రిస్కునూ ఒక పూర్తి వాక్యంగా రాయించండి: ఏది, దేన్ని, ఎలా, ఏ నష్టం. "నీరు" అని రాస్తే అది రిస్కు కాదు.

ఫైర్‌డోర్
ఏబీసీ కొలిచేది కట్టడం విలువ నష్టాన్ని. మనుషుల ప్రాణాలను కాదు. ఈ సంగతి పట్టిక నెత్తిన పెద్ద అక్షరాలతో ఉండాలి.

2022 జనవరిలో సికింద్రాబాద్ క్లబ్ ప్రధాన భవనం కాలిపోయింది, అది వారసత్వ నష్టం. 2025 మేలో గుల్జార్ హౌజ్ దగ్గర పాత ఇంట్లో 17 మంది చనిపోయారు, అది ప్రాణనష్టం. ఈ రెండింటినీ ఒకే అంకెలో కలపడం తప్పు, అన్యాయం కూడా. ప్రాణ రిస్కుకు విడిగా కాలమ్ పెట్టండి. అందులో బలహీనత అంటే గోడల మందం కాదు: బయటికి దారులు ఎన్ని, మెట్లు ఎంత వెడల్పు, కింద దుకాణం పైన నివాసమా, రాత్రి ఎంతమంది పడుకుంటారు, కిటికీలకు తెరవలేని గ్రిల్లులున్నాయా, మీటరు బోర్డు మెట్ల కిందే ఉందా, ఏసీలు పెరిగాక వైరింగు మార్చారా.

కింద దుకాణం, పైన నివాసం, మధ్యలో ఒకటే చెక్క మెట్ల దారి ఉంటే, కట్టడం స్థితి 0 అయినా ప్రాణ రిస్కు తొందర 3 రాయాల్సిందే.

సర్వే_తిరుగుడు
ఫైర్‌డోర్ అన్న చెప్పింది పక్కా. మీటరు బోర్డు మెట్ల కింద ఉండుడు పాతబస్తీల మామూలే. గీ ప్రశ్నలు ఫారంల అవును/కాదు లెక్క పెట్టున్రి, మస్తు తేలిక అయితది.

చట్టం_చదువు
"శిథిలావస్థ" గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ మాట సాంకేతిక పట్టికలో ఉండనే కూడదు. అది పురపాలక చట్టం వైపు మాట. ఆ ముద్ర పడిన భవనం ఖాళీ చేయించడానికీ కూల్చడానికీ నోటీసు ఇవ్వదగ్గదవుతుంది. సర్వేలో పెచ్చులూడిన వరండా చూసి ఆ మాట రాస్తే, ఆ కాగితమే రేపు కూల్చివేతకు ఆధారం. వరండా కప్పు ఒక్కటే ప్రమాదంలో ఉంటే "ఉత్తర వరండా కప్పు, రెండో బే, స్థితి 3, తొందర 3, కింద రాకపోకలు ఆపాలి" అని రాయండి. బల్లీలు (నిలువు కర్ర దుంగలు) పెట్టి ఆ బే కింద ఆపు చేస్తే చాలు. మొత్తం భవనానికి ఒకే అంకె వద్దు, ఎప్పుడూ భాగాలవారీగానే.

అలాగే కట్టడం ఏ రక్షణ కింద ఉందో ఒక కాలమ్. కేంద్ర రక్షిత కట్టడమైతే 1958 చట్టం, 2010 సవరణ: 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, దాని అవతల 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. రాష్ట్రానికి 2017 వారసత్వ చట్టం ఉంది. ఎర్రమంజిల్ ప్యాలెస్ కూల్చివేత నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. పాతబడింది కాబట్టి తీసేయొచ్చు అన్నంత తేలిక కాదు.

గర్డర్_లెక్కలు
చట్టం గారితో ఏకీభవిస్తూనే ఒక మాట. ప్రమాదం ఉన్నచోట మెత్తగా రాసినా తప్పే. చివరి బే ఆర్చి కూలేలా ఉంటే భయపడకుండా 3 వేయాలి.

చట్టం_చదువు
వేయండి. ఆ బేకు వేయండి. సంతకం, తేదీ పెట్టండి.

గచ్చుపని
మన నగరానికి ప్రత్యేకమైన లోటు ఒకటుంది. రాతి నష్టాలకు కట్టడాల సంరక్షణ అంతర్జాతీయ మండలి ఇకోమోస్ 2008 పదకోశం ఉంది, బొమ్మలతో సహా. పగుళ్లు-వంకరలు, ఊడిపోవడాలు, పదార్థం కోల్పోవడాలు, రంగు మారడాలు-పేరుకోవడాలు, జీవజాలం అని ఐదు కుటుంబాలు. గ్రానైటుకు అది చక్కగా సరిపోతుంది, మొజాంజాహీ మార్కెట్ లాంటిదానికి నేరుగా వాడొచ్చు. కానీ చార్మినార్‌లో కళ్లకు కనబడేదంతా గచ్చు, అంటే సున్నంతో చేసిన పూత, అలంకారాలు. 2019 మేలో మినారు నుంచి ఊడిపడిందీ గచ్చు ముక్కే. ఆ పదకోశాన్ని ఉన్నదున్నట్టు తెస్తే గచ్చు జబ్బులకు మాటలు చాలవు.

పనివాళ్ల మాటలతోనే ఐదు పెట్టుకోవచ్చు:

డొల్ల: పూత పైకి బాగానే ఉంటుంది, తడితే బోలు శబ్దం.
ఉబ్బు: డొల్లతో పాటు పూత గోడ మట్టం దాటి బయటికి వచ్చింది. తిన్నని పట్టీ ఆనిస్తే కింద సందు కొలవొచ్చు.
పెచ్చు: అంచు విడిపోయింది, వేలితో కదుపుతే కదులుతుంది.
పొడి: చేత్తో రాస్తే సున్నం అంటుకుంటుంది, ఆకారం ఇంకా ఉంది.
లోపం: అచ్చంగా ఊడిపోయింది, వెనక ఇటుకో రాయో కనిపిస్తోంది.

కింది మూడింటికి కళ్లు, చేయి చాలు. పై రెండింటికి తట్టి చూడాలి. పూతను 30 సెం.మీ. గళ్లుగా సుద్దతో గీసి, ప్రతి గడి మధ్యలో చిన్న చెక్క సుత్తి పిడితో మెల్లగా తట్టాలి. ఇనుముతో వద్దు, డొల్ల ఉన్నచోట అదే పగలగొడుతుంది. గట్టి పూత "టక్" అంటుంది, శబ్దం అక్కడే ఆగుతుంది. డొల్ల పూత "డబ్" అని వెనక కాస్త మోగుతుంది. డొల్ల గళ్లకు సుద్దతో అడ్డగీత పెట్టి ఫొటో తీసి లెక్కపెట్టండి, నూటికెన్ని అన్నది వచ్చేస్తుంది. మళ్లీ ఏడాదికి అదే గోడ, అవే గళ్లు. డొల్ల 12 నుంచి 20 అయితే అది కదులుతున్న జబ్బు, ఏబీసీలో 'ఏ' స్కోరుకు పునాది ఆ తేడానే.

ఎత్తులో ఉన్న డొల్ల గడి కింద జనం నడిస్తే ఫైర్‌డోర్ గారు చెప్పిన ప్రాణ రిస్కు కాలమ్‌లో కూడా రాయాలి.

మ్యూజియం_మెట్లు
అద్భుతం గచ్చుపని గారూ. దీన్నే ఒక పేజీ చేసి ఫొటోలతో అతికిస్తే ఏ టీమైనా వాడొచ్చు.

పగులుకొలత
పగులుకు కూడా ఇంత స్పష్టత కావాలి. 0.1 మి.మీ. లోపు వెంట్రుక పగులు. ఆ పైన బ్రిటన్‌లో వాడే వరస: 1 మి.మీ. వరకు, 5 వరకు, 5 నుంచి 15, 15 నుంచి 25, 25 దాటినవి. వెడల్పు ఒక్కటే చాలదు. ఎక్కడ వెడల్పు, పైనా కిందా? ఏటవాలా, నిలువా? రెండు అంచులూ ఒకే మట్టంలో ఉన్నాయా, ఒకటి ముందుకొచ్చిందా? పైన వెడల్పై కింద సన్నబడితే మూల కుంగుతోందని అనుమానించాలి.

కదులుతోందా లేదా అన్నది ఒక్కరోజులో తెలియదు. పగులుకు ఇరువైపులా మూడు స్టడ్లు (చిన్న లోహపు గుబ్బలు) త్రికోణంలా అంటించి డిజిటల్ వెర్నియర్‌తో నెలనెలా కొలవాలి, ఒక పూర్తి సంవత్సరం. ప్రతిసారీ ఒకే వేళ, ఉష్ణోగ్రత పక్కనే రాయాలి. ఎండాకాలం గోడ వ్యాకోచించి పగులు మూసుకుంటుంది, చలికాలం తెరుచుకుంటుంది. మేలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి కొలిచి "పగులు పెరిగింది" అని రాసేస్తే గోడ కదలికను కాదు, వాతావరణాన్ని కొలిచినట్టు. నల్లరేగడి నేల మీద పునాది ఉంటే వానాకాలంలో ఇంకో కదలిక తోడవుతుంది.

పాతగోడ గారు చెప్పిన మెట్ల గది 6 మి.మీ. పగులుకు సిఫారసు 2, అంటే ముందు పరిశోధన. ఏడాది కొలతలు లేకుండా హై, లో అని ఎవరూ చెప్పలేరు. అంచు ముందుకొచ్చి ఉంటే మాత్రం ఏడాది ఆగకండి.

రావిమొక్క
పిట్టగోడలో మొలిచిన రావి ఏ కాలమ్? ఆపదా, స్థితా, బలహీనతా?

మూసీగట్టు
ఆపద. బయటి నుంచి వచ్చింది, పెరుగుతోంది.

గర్డర్_లెక్కలు
నేను స్థితి అంటాను. ఇవాళ గోడలో ఉంది, కొలవొచ్చు.

మ్యూజియం_మెట్లు
రెండూ రాయాలి, వేర్వేరు చోట్ల. మొక్క ఉందన్నది, కాండం ఎంత లావన్నది స్థితి. వేరు రాళ్లను విడదీస్తూ పోవడం రిస్కు వాక్యం. ఇక్కడ ఆ ఏబీసీ పుస్తకంలోని పది కారకాల జాబితా పనికొస్తుంది: భౌతిక బలాలు, దొంగలు-విధ్వంసకులు, నిప్పు, నీరు, జీవులు, కాలుష్యం, వెలుతురు, సరిపడని వేడి, సరిపడని తేమ, సమాచారం తెగిపోవడం. వర్గం పేరు కోసం తగువులాడే కంటే, పదింటికీ ఒక్కోసారి "ఇక్కడ ఇది ఏం చేస్తుంది" అని అడిగితే ఏదీ జారిపోదు. పదోది భవనాలకు ఎవరూ రాయరు. అసలు డ్రాయింగులు, పాత మరమ్మతు బిల్లులు పోతే ఏ గర్డర్ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు, అది కూడా నష్టమే.

డంగుసున్నం
రావిని పీకకండి మాత్రం. చేతికి వచ్చేది కాండం, లోపల వేరు ఉండిపోయి నాలుగు కొమ్మలు వేస్తుంది, లేదా రాయితో సహా ఊడొస్తుంది. కోసి, కోసిన వెంటనే ఆ మొదలుకు గ్లైఫోసేట్ (కలుపు మందు) పూసి, వేరు చచ్చేదాకా ఆగి, అప్పుడు ఆ రాళ్లు విప్పి వేరు తీసి సున్నంతో కట్టాలి. వేరు బతికుండగా దర్జు నింపితే మళ్లీ చీలుతుంది.

కంపనం
భూకంపం వరసలో "జోన్ 2, వర్తించదు" అని కొట్టేసే అలవాటు మానాలి. భారత భూకంప ప్రమాణం ఐఎస్ 1893 (2016) పటంలో హైదరాబాద్ జోన్ 2లోనే ఉంది, నిజమే. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వస్తే ఇక్కడా ఊగింది. ఆపద తక్కువ, కానీ రాళ్లు కుప్పవేసి కట్టిన గోడ యూరోపియన్ స్కేలు ఈఎంఎస్-98లో 'ఏ' తరగతి, అంటే అన్నిటికంటే బలహీనం. ఏబీసీలో 'ఏ' స్కోరు తగ్గించండి, వరసను తీసేయకండి.

వాహనాలు, పైలింగు కంపనాలకు "ఎక్కువ" అని కాకుండా కొలిచి రాయండి. జర్మన్ ప్రమాణం డిన్ 4150-3లో సున్నితమైన చారిత్రక కట్టడాలకు పునాది దగ్గర, 10 హెర్ట్జ్ లోపు కంపనాలకు సెకనుకు 3 మి.మీ. హద్దు. పాతబస్తీ మెట్రో పనులు మొదలయ్యే చోట ముందే ఆధార కొలతలు తీసి పెట్టుకోకపోతే, తర్వాత ఏ పగులు పాతదో ఏది కొత్తదో తేలదు.

సర్వే_తిరుగుడు
జోన్ 2, స్థితి 2, తొందర 2, ఈఎంఎస్ డ్యామేజీ 2... అన్నీ 2లే. ఎక్సెల్‌ల పెట్టినంక ఏది ఏందో తెల్వది.

పాతగోడ
మంచి మాట. ప్రతి అంకె ముందు అక్షరం తప్పనిసరి చేస్తాను. స్థి-2, తొం-3, సిఫా-1, ప్రా-3. ఒట్టి అంకె ఉంటే ఫారం వాపస్.

ఇప్పటిదాకా వచ్చిన మాటలతో మార్చిన పట్టిక. ఫీల్డు షీటు ఒకటి, ఆఫీసు షీటు ఒకటి. ఫీల్డులో: భాగం పేరు, పదార్థం, పూత రకం, జబ్బు పేరు (గచ్చుపని గారి ఐదు, రాతికి ఇకోమోస్ మాటలు, పగులు వరస), కొలత, స్థి, గడప ఎత్తు, ఫైర్ ప్రశ్నలు. ఆఫీసులో: రిస్కు వాక్యం, ఏ, బీ, సీ, తొం, సిఫా, ప్రా, చట్ట రక్షణ. "హై రిస్క్", "శిథిలం" రెండూ తీసేశాను.

పగులుకొలత
ఏ, బీ, సీ ఒక్కోదానికి మూడు అంకెలు పెట్టండి: తక్కువ అంచనా, బహుశా, ఎక్కువ అంచనా. నిప్పు 'ఏ' స్కోరు 2.5 / 3 / 3.5 అని ఉంటే సందేహం ఎంతో కనిపిస్తుంది. ఏడాది కొలతల తర్వాత ఆ అంతరం తగ్గాలి.

డంగుసున్నం
తొం-3, తొం-2లకు తేదీ కూడా కట్టండి. నా సూచన: తొం-3 వారంలోపు ఆపులు, తొం-2 వచ్చే జూన్ వానలకు ముందు, తొం-1 ఐదేళ్ల లోపు. కానీ సున్నం పనికి తొం-2 అంటే మేలో మొదలుపెట్టడం కాదు. మే ఎండకు పూత పట్టుకోకముందే ఆరి పగులుతుంది, జూన్ వానకు పచ్చి పూత కొట్టుకుపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వేసి, తడి గోనెలు కప్పి ఆరనివ్వాలి. షీటులో "పని మొదలు" తేదీ వేరుగా, "గడువు" వేరుగా.

గర్డర్_లెక్కలు
గోల్కొండలో 2020 అక్టోబరు వానలకు కోట గోడ కొంత కూలింది గుర్తుందిగా. రెండు రాతి ముఖాలు, మధ్యలో రాళ్ల కూర్పు ఉన్న గోడలకు "ఉబ్బు" విడిగా కావాలి. గచ్చు ఉబ్బు వేరు, గోడ ఉబ్బు వేరు. గోడ తలమీద దర్జులు తెరుచుకుంటే నీరు నడుమకు దిగుతుంది, సన్నమట్టి కడుక్కుపోయి కిందికి కూరుకుంటుంది, ముఖాలు బయటికి తోసుకొస్తాయి. తూనిక గుండు దించి ప్రతి అర మీటరుకు సందు కొలవండి. "గోడ పొట్ట" అని పేరు పెట్టండి, మేస్త్రీలు అదే అంటారు.

పాతగోడ
గోడ పొట్ట చేర్చాను, కొలత అర మీటరుకొకటి. మూడు అంచనాలూ చేర్చాను. తేదీలు రెండు కాలమ్‌లు.

తేమమీటర్
గదుల నంబర్లు ఎక్కడి నుంచి మొదలు? ఒక టీము గేటు నుంచి, ఇంకో టీము మెట్ల నుంచి వేస్తే రెండో ఏడాది ఏ గళ్లు ఏ గోడవో కలవవు.

పాతగోడ
ఈశాన్య మూల గది 1. అక్కడి నుంచి గడియారం తిరిగే దిశలో. గోడలు ఉత్తరం నుంచి క, ఖ, గ, ఘ. ఫొటో ఫైలు పేరు కూడా అదే: అంతస్తు-గది-గోడ-తేదీ.